పాత బండి మొరాయిస్తోందా? పార్టులు మార్చే ముందు ఈ వరుసలో చూడండి

ట్యాంకు మీద ఇంకా ‘హీరో హోండా’ అని రాసున్న బండి మీ ఇంట్లో ఉందా? అయితే దాని వయసు 15 ఏళ్ల దరిదాపుల్లోనో, అంతకంటే ఎక్కువో ఉన్నట్టే. హీరో, హోండా విడిపోతున్నట్టు 2010 డిసెంబరులో ప్రకటించాయి. 2011లో కంపెనీ పేరు హీరో మోటోకార్ప్ అయింది. అప్పట్లో నాన్న ముచ్చటపడి కొన్న ఆ స్ప్లెండరో, ప్యాషనో ఇప్పుడు మీ చేతికొచ్చింది.

నిడదవోలు లాంటి ఊళ్లో ఇలాంటి బండి లేనిదే చాలా ఇళ్లల్లో రోజు గడవదు. భీమవరం లైను మెయిన్ లైను నుంచి విడిపోయే జంక్షన్ ఇది. చుట్టుపక్కల పల్లెల నుంచి బండి మీద వచ్చి, రైలెక్కి రాజమండ్రికో తాడేపల్లిగూడేనికో పనికీ కాలేజీకీ వెళ్లేవాళ్లు ఉంటారు. పొద్దున్నే ఇరవై కిక్కులు కొట్టినా బండి లేవకపోతే రైలు పోతుంది, ఆ రోజు కూలో క్లాసో పోతుంది.

సాయంత్రం షెడ్డుకి తోసుకెళ్తే ‘కార్బొరేటర్ మార్చేద్దాం’, ‘ఇంజిన్ దించాల్సిందే’ లాంటి మాటలు వినిపిస్తాయి. నిజంగా ఇంజిన్ దించాల్సిన బండ్లూ ఉంటాయి, కాదనలేం. కానీ అక్కడిదాకా వెళ్లే ముందు చూడాల్సినవి అరడజను ఉన్నాయి. వాటిలో చాలావాటికి అయ్యే ఖర్చు వందల్లోనే. కావాల్సింది కాస్త ఓపిక, ఒక వరుస.

1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100కి ఓ ప్రకటన ఉండేది. పెట్రోల్ పొయ్యి, మూత పెట్టు, ఇక మర్చిపో అని దాని అర్థం. జనం ఆ చివరి మాట బాగా పట్టుకున్నారు. 1994లో వచ్చిన స్ప్లెండర్ కూడా ఆ కుటుంబం బండే. ఎంత పట్టించుకోకపోయినా నడుస్తూనే ఉంటుంది. అందుకే ఆయిల్ తగ్గినా, ఫిల్టర్ మూసుకుపోయినా మనకి తెలియదు. ఒకరోజు అన్నీ కలిపి ఒకేసారి బయటపడతాయి.

ముందు స్పానర్ కాదు, ఫోన్ తీయండి

‘బండి బాలేదండీ’ అంటే ఏ మెకానిక్కీ ఏమీ అర్థం కాదు. ఎప్పుడు బాలేదు అన్నదే అసలు ప్రశ్న. పొద్దున చల్లగా ఉన్నప్పుడా, పది కిలోమీటర్లు తిరిగాకా? వాన పడ్డాకా? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడా, కాలువ వంతెన ఎక్కేటప్పుడా? ఒక్కరే ఉన్నప్పుడా, వెనక మనిషి కూర్చున్నాకా?

రెండు రోజులు ఇవి ఫోన్‌లో నోట్ చేసుకోండి. తేడా శబ్దం వస్తుంటే వీడియో తీసుకోండి. షెడ్డుకి వెళ్లేసరికి బండి బుద్ధిగా నడవడం అందరికీ అనుభవమే. అప్పుడు ఆ వీడియోనే సాక్ష్యం.

ఇంకో నియమం కూడా పెట్టుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, నడిపి చూడాలి. ప్లగ్గు, ఫిల్టర్, కార్బొరేటర్ మూడూ ఒకేరోజు మార్చేస్తే బండి బాగుపడొచ్చు. కానీ దేనివల్ల బాగుపడిందో తెలీదు. మళ్లీ అదే సమస్య వస్తే మళ్లీ మూడింటికీ డబ్బు పెట్టాలి.

లాగట్లేదా? ఒకసారి తోసి చూడండి

పికప్ లేదంటే అందరి చూపూ ఇంజిన్ మీదకే పోతుంది. దానికంటే ముందు బండిని న్యూట్రల్‌లో పెట్టి చదునైన చోట తోయండి. తేలిగ్గా కదలాలి. బరువుగా ఉంటే తప్పు ఇంజిన్‌ది కాకపోవచ్చు. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పండి. గర్రుమంటూ ఆగిపోతోందంటే బ్రేకు పట్టేసినట్టు. డ్రమ్ బ్రేకు లోపలి క్యామ్ తుప్పు పడితే, పెడల్ వదిలినా షూలు వెనక్కి రావు. వానా బురదా తగిలే ఊళ్లలో ఇది మామూలే. ఇంజిన్ లాగుతూనే ఉంటుంది, బ్రేకు ఆపుతూనే ఉంటుంది. మైలేజ్ పడిపోతుంది, డ్రమ్ము కాలిపోతున్నంత వేడిగా అవుతుంది.

టైర్లలో గాలి, చైను బిగువు కూడా చూడండి. చాలా 100 సీసీ బండ్లకి చైను మధ్యలో పైకీ కిందకీ 20 నుంచి 30 మి.మీ. ఆడాలి. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి, వదులైతే పళ్ల మీద నుంచి జారుతుంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, గేరు వేసి, తిరిగే చైనుని గుడ్డతో తుడిచే అలవాటు ఎవరికైనా ఉంటే ఈరోజే మాన్పించండి. గుడ్డతో పాటు వేళ్లూ స్ప్రాకెట్‌లోకి వెళ్లిపోతాయి.

యాక్సిలరేటర్ ఇస్తే శబ్దం పెరుగుతోంది కానీ వేగం పెరగట్లేదంటే క్లచ్ జారుతోంది. ముందు క్లచ్ కేబుల్ మరీ బిగుతుగా ఉందేమో చూడండి. ప్లేట్ల సంగతి ఆ తర్వాతే.

పెట్రోల్ వస్తోందా?

ఇంజిన్‌కి కావాల్సినవి నాలుగే: పెట్రోల్, గాలి, నిప్పురవ్వ, కంప్రెషన్. ఇదే వరుసలో వెళ్దాం. పెట్రోల్ పని ఎప్పుడూ ఆరుబయట, ఇంజిన్ చల్లారాకే చేయాలి. దగ్గర్లో సిగరెట్, పొయ్యి, దీపం ఏదీ ఉండకూడదు.

బండి ఐదారు కిలోమీటర్లు బాగా నడిచి, ఊపిరాడనట్టు ఆగిపోతోందా? ఆగిన వెంటనే ట్యాంకు మూత తీసి చూడండి. గాలి పీల్చుకున్న శబ్దం వచ్చి, మళ్లీ స్టార్ట్ అయితే సమస్య మూతదే. మూతలో ఉండే సన్నటి రంధ్రం దుమ్ముతో మూసుకుపోయింది. గాలి లోపలికి వెళ్లకపోతే పెట్రోల్ కిందకి దిగదు. శుభ్రం చేస్తే సరి, పైసా ఖర్చు లేదు.

తర్వాత కార్బొరేటర్ దగ్గర పైపు తీసి, చివర ఓ సీసా పెట్టి, ట్యాప్ తిప్పండి. ధార ఒకేలా రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తే ట్యాపులోని జాలీ తుప్పుతో నిండిందని అర్థం. మెయిన్‌లో సరిగా రాక రిజర్వులో వస్తుంటే ట్యాపే చూడాలి.

ఇక కార్బొరేటర్. దాని అడుగు గిన్నెకి ఓ డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. అది వదులు చేసి, దిగిన పెట్రోల్‌ని గాజు సీసాలో పట్టి ఐదు నిమిషాలు ఆగండి. అడుగున గుండ్రటి బుడగల్లా ఏమైనా చేరితే అది నీరు. ఎర్రటి పొడి ఉంటే ట్యాంకు లోపల తుప్పు పట్టింది. ట్యాంకు కడగకుండా కార్బొరేటర్ ఎన్నిసార్లు క్లీన్ చేసినా నెల తిరక్కుండా మళ్లీ అదే కథ.

కార్బొరేటర్‌లో ఏ భాగం మూసుకుపోయిందో బండి నడకే చెప్పేస్తుంది. చోక్ వేస్తేనే నడుస్తూ, చోక్ తీయగానే ఆగిపోతుంటే పైలట్ జెట్ మూసుకుపోయి ఉండొచ్చు. ఐడిల్‌లో నిలబడి, ఫుల్ యాక్సిలరేటర్‌లో కొట్టుకుంటుంటే మెయిన్ జెట్ చూడాలి. జెట్ రంధ్రంలో తీగ పెట్టి పొడవొద్దు. రంధ్రం ఏమాత్రం పెద్దదైనా పెట్రోల్ లెక్క మారిపోతుంది. క్లీనర్ స్ప్రే కొట్టి, గాలి పట్టించాలి. ఎయిర్ స్క్రూ తిప్పే ముందు దాన్ని మెల్లగా లోపలిదాకా బిగిస్తూ ఎన్ని చుట్లు పట్టిందో రాసుకోండి. తేడా వస్తే మళ్లీ పాత లెక్కకి రావొచ్చు.

ఇథనాల్ వల్లే పాడైందా?

ఈమధ్య ఏ బండి మొరాయించినా ‘పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్నారు కదా’ అనేస్తున్నాం. ఇందులో నిజం ఎంత? 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతా మామూలైపోయింది. మన డెల్టాలో కనిపించే చెరకు, నూకలు, మొక్కజొన్న లాంటి వాటి నుంచే ఆ ఇథనాల్ తీస్తారు. ఒక లీటరులో పెట్రోల్‌కి ఉన్నంత శక్తి ఇథనాల్‌కి ఉండదు. అందుకే మైలేజ్ కొంచెం తగ్గుతుంది. పాత తరహా బైకులకి ఈ తగ్గుదల 3–4 శాతం ఉండొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా.

లెక్క వేయండి. 60 ఇచ్చే బండి 4 శాతం తగ్గితే దాదాపు 57.6 ఇవ్వాలి. అదే బండి 40కి పడిపోయిందంటే తప్పు మొత్తం ఇథనాల్ మీదకి నెట్టలేం. ఫిల్టర్, బ్రేకు, టాపెట్లు ఎక్కడో ఏదో ఉంది.

అయితే ఇథనాల్‌తో పాత బండికి రెండు ఇబ్బందులు నిజమే. ఒకటి, అది తేమని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి విడిపోయి ట్యాంకు అడుగున చేరుతుంది. రెండోది, దానికి తగ్గట్టు తయారుకాని పాత రబ్బరు పైపులు, ఓ-రింగులు ఉబ్బి చిట్లుతాయి. పైపు జిగటగానో పగుళ్లతోనో కనిపిస్తే వెంటనే మార్చండి. కారే పెట్రోల్ వేడి ఇంజిన్ మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కువైట్ వెళ్లిన అన్నయ్య బండి ఏడాదిగా వసారాలో ఉందనుకోండి. పాత పెట్రోల్‌తోనే కిక్ కొట్టకండి. ట్యాంకు, కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేసి కొత్త పెట్రోల్ పోశాకే స్టార్ట్ చేయండి. సైలెన్సర్ గొట్టంలోకీ తొంగి చూడండి. మట్టి గూడు కట్టే కందిరీగలకి అలాంటి చోట్లంటే ఇష్టం.

గాలి ఆడుతోందా?

వరికోతల రోజుల్లో రోడ్ల మీద ధూళి, రైసుమిల్లుల దగ్గర ఊక దుమ్ము, ఇసుక లారీల వెనక ప్రయాణం. ఇవన్నీ మీ ముక్కు కంటే ముందు బండి ఎయిర్ ఫిల్టర్‌లోకి వెళ్తాయి. ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి పెట్రోల్ ఎక్కువవుతుంది. నల్ల పొగ, తగ్గిన మైలేజ్, నల్లబడిన ప్లగ్గు, మూడూ కలిసి కనిపిస్తే ముందు ఫిల్టర్ తీసి చూడండి.

స్పాంజి ఫిల్టర్ అయితే కిరోసిన్‌లో కడిగి, పిండి, ఆరబెట్టి, కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పట్టించి మళ్లీ గట్టిగా పిండి పెట్టుకోవచ్చు. కాగితం ఫిల్టర్ అయితే కడగకూడదు, కొత్తది వేయాలి. ఫిల్టర్ లేకుండా నడిపితే పికప్ పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ దుమ్మంతా సిలిండర్‌ని గీసేస్తుంది.

ప్లగ్గు చెప్పే కథ

పాత ప్లగ్గు పారేసే ముందు దాని మొహం చూడండి. లేత గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా మండుతోంది. పొడి మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. పెట్రోల్‌తో తడిసి ఉంటే నిప్పురవ్వ రావట్లేదు, లేదా కిక్ కొట్టీ కొట్టీ ఇంజిన్‌ని పెట్రోల్‌తో ముంచేశాం. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ మండుతోంది. తెల్లగా పాలిపోయి ఉంటే గాలి ఎక్కువై ఇంజిన్ వేడెక్కిపోతోంది. అలాంటప్పుడు కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే జాయింటులో పగులు ఉందేమో చూడాలి.

రవ్వ పరీక్ష తేలిక. ప్లగ్గు తీసి క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప భాగం ఇంజిన్‌కి ఆనించి, కిక్ కొట్టండి. నీలంగా, బలంగా రవ్వ రావాలి. క్యాప్‌ని పొడి గుడ్డతో పట్టుకోండి. దగ్గర్లో పెట్రోల్ చిందలేదని, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఉందని చూసుకున్నాకే ఈ పని. రవ్వ లేకపోతే కొత్త ప్లగ్గుతో ఒకసారి చూడండి. తర్వాత క్యాప్, వైరు. కాయిల్, సీడీఐ యూనిట్ చివర్లో. వానలో మాత్రమే మిస్ కొడుతుంటే క్యాప్‌లోకి తేమ చేరుతోందని అనుమానించాలి.

కంప్రెషన్: అసలు ఖర్చు ఇక్కడే

పెట్రోల్, గాలి, రవ్వ మూడూ సరిగా ఉన్నా బండి లేవకపోతే అప్పుడు ఇంజిన్ లోపలి సంగతి. కిక్ రాడ్ చేత్తో నొక్కితే మధ్యలో గట్టిగా ఎదురుతన్నాలి. కొబ్బరి పీచు నొక్కినట్టు మెత్తగా దిగిపోతుంటే కంప్రెషన్ తగ్గింది.

ఇక్కడ కూడా ముందు టాపెట్లు చూడాలి. మరీ బిగుతైతే వాల్వు పూర్తిగా మూసుకోదు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయి, వేడెక్కాక మొరాయిస్తుంది. వదులైతే టిక్‌టిక్ శబ్దం వస్తుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, మాన్యువల్‌లో చెప్పిన కొలతకి, ఫీలర్ గేజ్‌తో సెట్ చేయించండి.

అప్పటికీ లాభం లేకపోతే పాత మేస్త్రీలు చేసే పరీక్ష ఒకటుంది. ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి, నాలుగు కిక్కులు కొట్టి, ప్లగ్గు పెట్టి మళ్లీ చూస్తారు. గట్టిదనం పెరిగితే పిస్టన్ రింగులో, బోరో అరిగాయి. పెరగకపోతే వాల్వుల దగ్గర లీకు. సైలెన్సర్‌లోంచి నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ మండుతున్నట్టే. ఇంజిన్ దించాలన్న మాట ఇప్పుడు వింటే దానికో కారణం ఉంటుంది.

ఈ స్థితి రాకుండా చూసేది ఆయిలే. ఈ 100 సీసీ ఇంజిన్లలో ఉండేది దాదాపు లీటరు. అందులో పావు లీటరు తగ్గినా పెద్ద లోటే. క్లచ్ కూడా అదే ఆయిల్‌లో తిరుగుతుంది కాబట్టి కారు ఆయిల్ పోయొద్దు. డబ్బా మీద ‘జాసో ఎంఏ’ అన్న గుర్తు చూసి కొనండి.

ఆర్‌ఎక్స్ 100 అయితే

మన దగ్గర 1985 నుంచి 1996 దాకా తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 ఇంట్లో ఉన్నవాళ్లకి లెక్క వేరు. అది టూ స్ట్రోక్. పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా మండుతుంది, అందుకే కాస్త పొగ సహజం. దానికి టాపెట్లు ఉండవు. బండి బరువుగా లాగుతుంటే సైలెన్సర్‌లో పేరుకున్న మసి తీయించి చూడండి. టూ స్ట్రోక్ ఆయిల్ ట్యాంకు ఎండిపోతే మాత్రం ఇంజిన్ పట్టేస్తుంది. నడుస్తున్న బండి వెనక చక్రం బిగుసుకుపోతే మనిషికీ ప్రమాదమే.

మునిగిన బండికి కిక్ కొట్టొద్దు

ఎర్రకాలువ పొంగితే నిడదవోలు చుట్టుపక్కల పొలాలు, దారులు నీళ్లపాలవడం ఇక్కడివాళ్లకి కొత్త కాదు. బండి ఇంజిన్ దాకా మునిగిందా? నీరు తీశాక ‘స్టార్ట్ అవుతుందేమో’ అని కిక్ కొట్టడమే పెద్ద నష్టం. ముందు డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీరు వెళ్లింది. ఆయిల్ మొత్తం తీసేయాలి. ప్లగ్గు విప్పి సిలిండర్‌లో నీరు పోయేలా చేయాలి. ఫిల్టర్, ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేయాలి. కొత్త ఆయిల్ పోసి కాసేపు నడిపి, ఆ ఆయిల్‌ని మళ్లీ మార్చాలి. ఆయిల్ రెండుసార్లు మార్చినా ఆ ఖర్చు ఇంజిన్ పని కంటే చాలా తక్కువ.

మెకానిక్‌తో ఇలా మాట్లాడండి

‘కార్బొరేటర్ ట్యూనింగ్ చెయ్యన్నా’ అంటే ఆయన అదే చేస్తాడు. దాని బదులు ‘అన్నా, వేడెక్కాక ఐడిల్‌లో ఆగిపోతోంది, చోక్ వేస్తే నిలబడుతోంది’ అని చెప్పండి. రోగం మీరు చెప్పొద్దు, లక్షణాలు చెప్పండి. మార్చిన పాత పార్టు అడిగి తీసుకోండి. ఏ రోజు ఏం మార్చారో, ఎన్ని కిలోమీటర్ల దగ్గరో ఫోన్‌లో రాసుకోండి. మంచి మేస్త్రికి ఇలాంటి కస్టమరంటే ఇష్టమే. పని తొందరగా తేలుతుంది.

ఎప్పుడు వదిలేయాలి?

ఇంజిన్ బాగు చేయొచ్చు. ఛాసిస్ వెల్డింగుల దగ్గర పగుళ్లు, లోపలి నుంచి తినేసిన తుప్పు, వంగిన ఫోర్కు ఉంటే మాత్రం ముచ్చట కోసం నడపకండి. బ్రేకు డ్రమ్ము మీద అరుగుదల చూపించే బాణం గుర్తు హద్దు దాటితే షూలు ఆరోజే మార్చాలి. చేతిలో ఉన్న డబ్బులు ఒక్కదానికే సరిపోతే పికప్ కంటే ముందు బ్రేకులు, టైర్లు.

కాగితాల లెక్క కూడా ఉంది. కొత్త బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి. తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. బైకుకి ఆ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 1,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటిన బైకులకి 2025 ఆగస్టులో 2,000 చేశారు. దీనికి బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ కలపండి. రాబోయే రిపేర్లు కూడా వేసుకోండి. రింగులు, బోరు పని వేలల్లోకి వెళ్తుంది. అయినా ఛాసిస్ గట్టిగా ఉంటే కొత్త బండి ఈఎంఐ కంటే అదే తక్కువ పడొచ్చు. ఛాసిస్ పోయుంటే ఆ వేలు వృథా.

నెలకో గంట చాలు

వారానికోసారి టైర్లలో గాలి, డిప్‌స్టిక్‌లో ఆయిల్. నెలకోసారి చైను తుడిచి ఆయిల్ పట్టించి, బిగువు చూసి, ఫిల్టర్ దులిపి, బ్రేకులు పరీక్షించడం. తొలకరికి ముందు ప్లగ్గు క్యాప్, పెట్రోల్ పైపు, బ్రేకు క్యామ్‌లకి గ్రీజు. ఆయిల్ మార్పు, టాపెట్లు మాన్యువల్‌లో చెప్పిన కిలోమీటర్లకి.

ఈ ఆదివారం పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు రెండు పనులతో మొదలుపెట్టండి. డిప్‌స్టిక్ తీసి చూడండి, న్యూట్రల్‌లో పెట్టి నాలుగడుగులు తోయండి. మిగతావి ఏ వరుసలో చూడాలో మీకు తెలుసు.